లంక ఊరిలో డ్రమ్ముల పాఠము



2025 జనవరిలో, సంక్రాంతి సెలవులు ముగియగానే, కోనసీమలోని ఒక లంక గ్రామ సంఘము వారు కోత పండుగకు వాక్యము చెప్పమని మమ్మును పిలిచారు. ఆ సంఘము మాకు కొత్తది కాదు. థియాలజీ డిప్లొమా చేతికి వచ్చిన తరువాత 2005లో మేము మొట్టమొదట పరిచర్యకు వెళ్ళినది అక్కడికే. నాలుగు సంవత్సరములు ఆ మందిరము ప్రక్క రెండు గదుల పాకలో కాపురము చేశాము. మా పెద్దమ్మాయి అక్కడే నడక నేర్చింది. ఊరి పేరు మాత్రము వ్రాయుట లేదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఫోను చేసిన సంఘపెద్ద, సంగతులన్నీ అయిన తరువాత చివరలో ఒక మాట అన్నారు. "అయ్యగారూ, మన మందిరంలో ఇప్పుడు కరెంటు డ్రమ్ములండి. కువైట్ నుంచి వచ్చాయండి. కుర్రోడు కంప్యూటర్ చూసి నేర్చేసుకుంటున్నాడండి. మీరోసారి వచ్చి చూడాలండి." ఆ గొంతులో గర్వము ఎంత ఉన్నదో దిగులు కూడా అంతే ఉన్నది.

రాజమండ్రి నుండి కోనసీమకు రావులపాలెము మీదుగా రోడ్డు దగ్గర. అయినా మేము నరసాపురము వరకు రైలులో వెళ్ళి, అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటాలనుకున్నాము. వెనుకటి రోజులలో అదే మా దారి. రైలు కొవ్వూరు వైపు వంతెన మీదికి ఎక్కగానే చప్పుడు మారిపోతుంది కదా. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద 1997 నుండి రైళ్ళు తిరుగుట లేదు. ఆ స్తంభములు మాత్రము నీళ్ళలో వరుసగా నిలబడి ఉన్నాయి. డ్రమ్ముల సంగతి చెవిలో పడినది గనుక ఆ రోజు మేము చక్రముల చప్పుడు లెక్కపెట్టాము. నాలుగు, మళ్ళీ నాలుగు. రైలు ఎంతసేపు నడిచినా నాలుగే. ఈ నాలుగు సంగతి మళ్ళీ వస్తుంది.

నిడదవోలు, తణుకు, అత్తిలి, భీమవరము దాటాము. భీమవరము చుట్టూ ఒకప్పటి వరిచేలు ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మిగిలిన చేలలో దాళ్వా నాట్లు పడుతున్నాయి. పాలకొల్లు తరువాత నరసాపురము. 1830ల చివరలో ఇంగ్లాండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్ల కుటుంబములు సువార్త పని మొదలుపెట్టిన ఊరు ఇది. రేవులో వశిష్ఠ గోదావరి సముద్రానికి దగ్గర పడి, నిదానముగా, ఉప్పు వాసనతో పోతూ ఉంటుంది. పంటు మీద మోటారు సైకిళ్ళు, ఒక కారు, కొబ్బరి బొండముల బండి, మేము. అవతల ఒడ్డు సఖినేటిపల్లి. 2022 జిల్లాల విభజనతో ఇటు పశ్చిమ గోదావరి జిల్లా, అటు కోనసీమ జిల్లా అయినది. పంటు వారికి మాత్రము ఇటు రేవు, అటు రేవు, అంతే.

రేవులో మమ్మును తీసుకొని వెళ్ళుటకు వచ్చిన కుర్రవాడే ఆ డ్రమ్ములు వాయించే అబ్బాయి. పందొమ్మిది ఏండ్లు. డిగ్రీ రెండవ సంవత్సరము. మేము ఊరు విడిచిన నాటికి మూడేండ్లవాడు. వాళ్ళమ్మ తొమ్మిది సంవత్సరముల నుండి కువైట్‌లో ఒక ఇంటిలో పని చేస్తున్నది. తండ్రి లేడు. తాతగారే పెంచారు. ఆ తాతగారి పేరు విన్నప్పుడు బండి మీద వెనుక కూర్చున్న మాకు గుండె కొంచెము కలుక్కుమన్నది. మేము ఆయనను మరచిపోలేదు.

ఆ సంగతి ముందే చెప్పుకొనుట మంచిది.

2005లో మా మొదటి కోత పండుగ. ధాన్యపు బస్తాలు, అరటి గెలలు, కోళ్ళు, గుమ్మడికాయలు మందిరము నిండా ఉన్నాయి. ఈ తాతగారు, అప్పటికి యాభై దాటినవారు, డప్పు తీసుకొని వచ్చారు. మందిరము బయట ఎండుగడ్డి మంట వేసి, తోలు కాచి, బిగువు చూసుకొని, చంకన పెట్టుకొని గుమ్మము దగ్గరకు వచ్చారు. మేము ఎదురు వెళ్ళి, "ఇది జాతరల్లో, చావుల దగ్గర మోగే వాయిద్యము, దేవుని మందిరములోనికి వద్దు తాతగారూ" అన్నాము. మాకు అప్పుడు ఇరవై అయిదేండ్లు. ఆయన "ఆయ్, అలాగేనండి" అని, డప్పును బయట చింతచెట్టు మొదట్లో ఆనించి, లోపలికి వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు. మరుసటి సంవత్సరము తేలేదు. ఆ తరువాత ఎప్పుడూ తేలేదు.

నిజము చెప్పాలంటే జాతర ఒక్కటే మా అభ్యంతరము కాదు. ఆ డప్పు ఏ పేట నుండి వచ్చినదో ఊరంతటికీ తెలుసు. మేమూ ఆ పేట వారమే. కాలేజీ చదివి, తెల్లబట్టలు కట్టుకొని, బల్ల ముందు నిలబడిన మాకు ఆ చప్పుడు మమ్మును మళ్ళీ ఎక్కడికో లాగినట్లు అనిపించినది. సెమినరీలో ఉండగానే మధురైలో థియోఫిలస్ అప్పావు గారు తమిళ పల్లెల పాటలను, పరై వాయిద్యమును ఆరాధనలోనికి తెచ్చారని మేము విని ఉన్నాము. విని తల ఊపాము కూడా. మన ఊరిలో, మన గుమ్మములో అదే ఎదురైనప్పుడు వద్దన్నాము. హార్మోనియము మాత్రము ముందు వరుసలో ఉన్నది. విదేశీ వాయిద్యమని, మన రాగములకు సరిపోదని ఆలిండియా రేడియో 1940 నుండి 1971 వరకు హార్మోనియమును నిషేధించినదని మాకు తరువాత తెలిసినది.

ఇక డ్రమ్ముల విషయము.

ఇల్లు చిన్నది. ముందు వసారా, లోపల ఒక గది. ఆ గదిలో సగము ఈ డ్రమ్ములే. ఇనుప గొట్టముల చట్రము మీద నాలుగు రబ్బరు పళ్ళెములు, సింబల్స్ అని మరి మూడు, క్రింద రెండు పెడల్స్, ప్రక్కన బైబిలంత పెట్టె. కువైట్‌లో తన స్నేహితురాలైన ఒక ఫిలిప్పీను సహోదరి దేశము వెళ్ళిపోతూ అమ్మితే, అమ్మ రెండు నెలల జీతము పెట్టి కొని 2021లో కార్గోలో పంపినదట. అది వచ్చిన మరుసటి సంవత్సరమే, 2022 జూలైలో, ధవళేశ్వరము దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. లంకలన్నీ మునిగాయి. ఇంట్లో నడుము లోతు నీళ్ళు. తాత, మనవడు ముందుగా అటక ఎక్కించినవి బియ్యము, కాగితములు, ఈ డ్రమ్ములు. గోడకు మేకున తగిలించిన డప్పును ఎవరూ తలచుకోలేదు. పది రోజుల తరువాత చూస్తే తోలు కుళ్ళి రాలిపోయినది. చట్రము మాత్రము ఇప్పటికీ ఆ మేకుకే ఉన్నది.

ఈ వాయిద్యము ఎలా పని చేస్తుందో ఆ అబ్బాయి మాకు వివరముగా చెప్పాడు. తెలియని పాఠకుల కొరకు కొంచెము వ్రాస్తాము. ప్రతి రబ్బరు పళ్ళెము అడుగున రూపాయి బిళ్ళ వంటి పలుచని బిళ్ళ ఉంటుంది. దానిని పైజో అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది రవ్వంత విద్యుత్తు పుట్టిస్తుంది. గట్టి దెబ్బకు ఎక్కువ, మెల్లని దెబ్బకు తక్కువ. పెట్టె దానిని చదివి, తన జ్ఞాపకములో ఉన్న శబ్దమును పలికిస్తుంది. అంటే మనము కొట్టేది ఒకటి, మనకు వినిపించేది మరొకటి. బ్రిటనులో సిమ్మన్స్ వారు 1981లో ఆరు మూలల పళ్ళెములతో ఇటువంటి డ్రమ్ములు తెచ్చారు. 1985లో జపాను రోలాండ్ వారి ఆక్టాప్యాడ్ వచ్చినది. ఒకే పలక మీద ఎనిమిది రబ్బరు గళ్ళు. మన పెళ్ళి ఆర్కెస్ట్రాలలో, మందిరములలో "ప్యాడ్స్" అని పిలిచేది ఆ కుటుంబము వాటినే. పూర్తి డ్రమ్ము సెట్టుకు బదులు ఒక సంచిలో పట్టేవి గనుక లంక ఊళ్ళకు కూడా పడవల మీద వచ్చేశాయి.

కంప్యూటరుతో ఇది మాట్లాడే భాష పేరు మిడి. 1983లో వాయిద్యముల కంపెనీలు కుదుర్చుకొన్న ఒప్పందము అది. అందులో శబ్దము ఉండదు, అంకెలే. 1991 నాటి పట్టిక ప్రకారము కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము 36, స్నేర్ 38, మూసి పట్టిన హైహ్యాట్ 42. దెబ్బ బలమునకు 1 నుండి 127 వరకు మరొక అంకె. పాఠము చెప్పే ప్రోగ్రాముకు తెలిసినది ఈ అంకెలూ, అవి వచ్చిన క్షణమూ. కొట్టినవాడు ఎవడో, ఎందుకు కొట్టాడో దానికి అక్కరలేదు.

ఇటువంటి నేర్పే ప్రోగ్రాములు ఇప్పుడు చాలా వచ్చాయి. నెలకింత అని చందా. తెర మీద గీతలు, వాటి మీద రంగు చుక్కలు కదులుతూ వస్తాయి. చుక్క గీతను తాకే క్షణములో కొట్టాలి. సరిగా పడితే పచ్చ. ముందుపడితే ఒక రంగు, వెనుకబడితే ఎరుపు. పాఠము చివర నూటికి ఎంతో మార్కు వేస్తుంది. కష్టమైతే వేగము తగ్గించుకోవచ్చు, ఒక ముక్కనే పదే పదే త్రిప్పుకోవచ్చు. మొదటి పాఠము ప్రపంచమంతటా ఒకటే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకటికి, మూడుకి కాలు. రెండుకి, నాలుగుకి ఎడమ చేయి. కుడి చేయి హైహ్యాట్ మీద ఎనిమిది చిన్న దెబ్బలు.

"మీరూ కూర్చోండయ్యగారూ" అన్నాడు. కూర్చున్నాము. చేయి వెళ్తే కాలు ఆగుతున్నది, కాలు వెళ్తే చేయి దానితో పాటే పోతున్నది. నలభై అయిదేండ్లుగా ఒకే ఒంటిలో ఉన్న అవయవములకు ఒకదానితో ఒకటి పరిచయము లేదని ఆ పూట తెలిసినది. నూటికి 41 వచ్చినది. సెమినరీలో గ్రీకు పరీక్షలో కూడా మాకు అంత తక్కువ రాలేదు. కుర్రవాడు మర్యాదగా నోటికి చేయి అడ్డము పెట్టుకున్నాడు.

అతనికి ఆ పాఠములలో 96, 97 వస్తున్నాయి. మూడు నెలలుగా ప్రతి రాత్రి పది గంటలకు మొదలు పెడతాడట. ఒక చెవిలో డ్రమ్ముల పెట్టె వైరు, రెండవ చెవిలో లాప్‌టాప్ నుండి ప్రోగ్రాము టిక్కుటిక్కు. బయటకు వినపడేది రబ్బరు మీద పుల్లల చప్పుడే. ఇళ్ళు గోడకు గోడగా ఉన్న పేటలో అర్ధరాత్రి డ్రమ్ములు నేర్చుకొనుట ఇటువంటి వాయిద్యము వల్లనే సాధ్యము. కరెంటు పోయిన రాత్రి మాత్రము సెలవు.

శుక్రవారము రాత్రి మందిరములో పాటల అభ్యాసము. డ్రమ్ములు మోటారు సైకిలు మీద మూడు విడతలుగా మోసుకొని వెళ్ళి బిగించాడు. మొదట కొత్త పాటలు. పండుగ లాగానే ఉన్నది. కాని రెండు చరణములు అయ్యేసరికి స్త్రీలు ఒక వైపు, డ్రమ్ములు ఒక వైపు. పాట వెంట పడి పరుగెత్తుతున్నట్లు. మేము వారు నెమ్మదిస్తున్నారేమో అనుకున్నాము. పల్లెల్లో ఆడవారు చరణము చివర మాటను సాగదీస్తారు కదా.

తరువాత పాత కీర్తన ఎత్తుకున్నారు. అక్కడ పూర్తిగా ఆగిపోయినది. ఎత్తుకోవడము, తడబడడము, ఆగడము. నాలుగుసార్లు. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయని చాలామంది గమనించరు. మేమూ ఇరవై ఏండ్లుగా ఆ పుస్తకము చేత పట్టుకొని ఆ రెండు మాటలను దాటుకొని చదివినవారమే. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన పెద్దలు కీర్తనలు కట్టినది కర్ణాటక సంగీతపు కొలతలలో. ఆది తాళము ఎనిమిది లెక్కలు గనుక నాలుగులో ఇమిడిపోతుంది. రూపకమునకు ఆరు. త్రిపుటకు ఏడు. ఆ రాత్రి ఎత్తుకున్న కీర్తన మీద త్రిపుట అని ఉన్నది. కుర్రవాడు నేర్చుకున్నవన్నీ నాలుగులు. ఏడును ఎనిమిది చేయుటకు చివర ఒక దెబ్బ కలుపుతున్నాడు. పాడేవారు ఆ దెబ్బకు ఆగరు.

వెనుక వరుస నుండి మాట వచ్చినది. తాతగారు. ఇప్పటికీ అదే వరుస.

"ఏడు కదరా బాబూ, ఎనిమిదోది ఎక్కడి నుంచి తెచ్చావు?"

లేచి రాలేదు. కూర్చున్న చోటే మోకాలి మీద చేత్తో వేసి చూపించారు. తకిట తకధిమి. తకిట తకధిమి. మూడు, నాలుగు. ఎప్పుడో తండ్రి దగ్గర నోటితో నేర్చుకొన్నదట. స్త్రీలు ఆ మోకాలి మీద పాట ఎత్తుకొని రెండు చరణములు ఆగకుండా పాడేశారు.

కుర్రవాడికి కోపము వచ్చినది. అది సహజము. మూడు నెలల కష్టము అందరి ఎదుట మోకాలి ముందు ఓడిపోయినది. "తాతకి ఇవన్నీ తెలీవండి అయ్యగారూ, ఆయన లెక్కే వేరు. కంప్యూటర్లో నాకు తొంభై ఆరండి" అన్నాడు ఇంటికి వస్తూ. తాతగారు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక మాత్రము, "లెక్క సంగతి సరేనండి, వాడు ముందు పరిగెడతన్నాడండి అయ్యగారూ. పాటకంటే ముందే కొట్టేస్తన్నాడు. రాత్రిళ్ళు పుల్లల చప్పుడు వింటాను కదండీ, చెయ్యి చక్కగా సమంగానే పడతాది. మరి మందిరంలో ఎందుకు పరిగెడతాడో తెలవట్లేదు" అన్నారు.

శనివారము ఉదయము మనవడు పట్టుదలగా తాతను డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. మొదటి పాఠము. తేలిక వేగము. ఒక్క పళ్ళెమే. టిక్కుకు ఒక దెబ్బ. తాతగారు చెవిలో ఆ చిన్న గుండు పెట్టించుకొని, పుల్లను చిర్ర పట్టినట్లు పట్టుకొని కొట్టారు. తెర మీద ఎరుపు. మళ్ళీ ఎరుపు. మొదటి నుండి చివర వరకు ఒక్క పచ్చ చుక్క లేదు. నూటికి 9.

"చూశావా తాతా, అన్నీ లేటే."

"నేను లేటేంటిరా? చెవిలో ఎప్పుడు అంటే అప్పుడే కదా ఏశాను!"

మేము తెర దగ్గరకు వంగి చూశాము. అన్నీ ఆలస్యమే. కాని అన్నీ ఒకే అంత ఆలస్యము. తాళము తెలియనివాడైతే ఒకటి ముందు, ఒకటి వెనుక పడాలి. ఈయనవి దారము పట్టి కొలిచినట్లు ఒకే దూరములో వరుసగా ఉన్నాయి. 2020లో లాక్‌డౌన్ రోజులలో మేము ఇంటిలో నుండి ఫోనులో ఆరాధన జరిపినప్పుడు వైరు లేని మైకు కొన్నాము. మా నోరు ముందు కదిలేది, మాట తరువాత వచ్చేది. సంఘస్థులు నవ్వుకొనేవారు. అది జ్ఞాపకము వచ్చి, తాతగారి చెవిలో ఉన్నదేమిటని అడిగాము. బ్లూటూత్.

వైరు లేని ఆ పరికరములు శబ్దమును మూటకట్టి, గాలిలో పంపి, అవతల మూట విప్పుతాయి. దానికి సెకనులో పదవ వంతో, అయిదవ వంతో పడుతుంది. సినిమా పాట వింటే తెలియదు. తాళము నేర్చుకొనేవానికి అది పెద్ద దూరము. నిమిషమునకు 90 దెబ్బల వేగములో ఒక దెబ్బకు సెకనులో మూడింట రెండు వంతులే సమయము. అందులో అయిదవ వంతు సెకను పోతే దాదాపు మూడవ భాగము పోయినట్లే. తాతగారు విన్నప్పుడే కొట్టారు. ఆయన చెవికి చేరునప్పటికే ప్రోగ్రాము దృష్టిలో ఆ క్షణము దాటిపోయినది.

పాత ఫోను వైరు ఒకటి వెదకి లాప్‌టాప్‌కు తగిలించాము. తాతగారు మళ్ళీ కొట్టారు. పచ్చ. పచ్చ. నూటికి 94. "ఆయ్" అన్నారు, అంతే.

కుర్రవాడు కూర్చున్నాడు. అదే పాఠము, అదే వైరు. అతని చుక్కలన్నీ ముందు. ఒక్కటి కూడా పచ్చ లేదు.

ఆ ముఖము చూడలేకపోయాము. మూడు నెలలు, రాత్రి పది నుండి పన్నెండు వరకు, తెరను పచ్చగా చేయుటకు అతడు తన చెవిని కాదని, వినబడక ముందే కొట్టుట నేర్చుకున్నాడు. చేతికి అదే అలవాటైనది. మందిరములో తెర లేదు. చేయి మాత్రము వినబడక ముందే వెళ్ళిపోతున్నది. నిదానముగా అడిగితే చెప్పాడు. మొదటి రోజే ప్రోగ్రాము ఒక పేజీ చూపించినదట, వైరు వాడమని, ఆలస్యము సరిచూసుకోమని. ఇంగ్లీషులో పొడుగ్గా ఉన్నదని తదుపరి బొత్తాము నొక్కేశాడు. ఎవరము నొక్కలేదు?

తాతను తప్పుపట్టినందుకు కుర్రవాడు ఏదో అనబోయాడు. ముసలాయన వినిపించుకోనట్లు, "ఇందులో ఏడుకి పెట్టరా" అన్నారు. పాఠములలో ఏడు ఎక్కడా దొరకలేదు. డ్రమ్ముల పెట్టెలోనే ఉన్న టిక్కును మాత్రము ఏడుకు మార్చుకోవచ్చునని బొత్తాములు నొక్కి నొక్కి కనుగొన్నాడు. ఏడింటిలో మొదటిది గంటలా మోగుతుంది. మధ్యాహ్నము భోజనము వరకు తాత నోటితో, మనవడు పుల్లలతో. లాప్‌టాప్ మూసే ఉన్నది. ప్రోగ్రాము వల్ల ఉపయోగము లేదని మేము అనము. మూడు నెలలలో రెండు చేతులకు, రెండు కాళ్ళకు అంత విడుదల ఇచ్చినది అదే. తాతగారు ఎంత చెప్పినా కాళ్ళు ఆడించడము నేర్పలేరు. ఆయనకు రాదు.

ఆదివారము పండుగ. బస్తాలు, గెలలు, కోళ్ళు ఎప్పటివలెనే. మందిరము మాత్రము ఇప్పుడు స్లాబు. కొత్త పాటలలో కుర్రవాడు ఇంకా రెండు మూడు చోట్ల ముందుకు పోయాడు. ఒక్క రోజులో పోయే అలవాటు కాదు అది. త్రిపుట కీర్తన వచ్చినప్పుడు ఎక్కువ ఏమీ వాయించలేదు. మొదటి లెక్కకు కాలు, నాలుగవ లెక్కకు స్నేర్ మీద మెల్లగా ఒకటి. మిగిలినదంతా ఖాళీ. కళ్ళు వెనుక వరుస మీద, తాతగారి మోకాలి మీద. ఒక చరణము చివర ముసలి అమ్మలు ఎప్పటివలె మాటను సాగదీశారు. వారి ఊపిరి అయ్యేంతవరకు అతడు పుల్ల పైకెత్తి పట్టుకొని ఆగాడు. తెర ఉంటే అది ఎరుపే.

ముందు వరుసలో ఒక స్త్రీ ఫోను ఎత్తి పట్టుకొని ఉన్నది. కువైట్‌లో అప్పటికి ఉదయము ఎనిమిది. అక్కడ ఆరాధన శుక్రవారము. ఆదివారము పని దినము. ఆ తల్లి వంటగదిలో ఇస్త్రీ చేస్తూ వింటున్నదట. కానుకలు వేలము వేసేటప్పుడు ఫోను మాకు ఇచ్చారు. "అయ్యగారూ, తాళం తప్పలేదు కదండీ?" అని అడిగింది. "అక్కడక్కడ తప్పినదమ్మా" అన్నాము. కాసేపు ఆగి, నవ్వి, "పర్లేదండి, డిసెంబరుకి వస్తాను కదండీ, అప్పటికి" అన్నది.

సోమవారము ఉదయము బయలుదేరే ముందు వసారాలో తాతగారి ప్రక్కన కూర్చున్నాము. రాత్రంతా మాటలు సమకూర్చుకొన్నాము గాని నోటికి సరిగా రాలేదు. "2005లో డప్పు సంగతి, తాతగారూ. మేము తప్పు చేశాము. క్షమించండి" అన్నాము. ఆయన చాలాసేపు వీధిలోనికి చూశారు.

"అదేటండి అయ్యగారూ. మీరప్పుడు చిన్నోరు కదండీ" అన్నారు. తరువాత, "కానీ ఆ రోజు బాగా కాగిందండి డప్పు. అంత బాగా ఎప్పుడూ కాగలేదు. గడ్డి మంచి గడ్డి" అన్నారు.

కుర్రవాడు లోపలి నుండి మేకున ఉన్న చట్రము తెచ్చాడు. కొన్ని ప్యాడ్స్ మనము రికార్డు చేసిన శబ్దమును కూడా లోపల దాచుకొని పలుకుతాయట. మన వాయించేవారు డప్పు శబ్దములు కూడా అలా పెట్టుకొంటున్నారట. ఎవరిదో కాక తాత డప్పునే రికార్డు చేయాలని అతని కోరిక. దానికి ముందు డప్పు ఉండాలి. ఈ చుట్టుప్రక్కల తోలు బిగించేవారు ఇప్పుడు లేరని తాతగారు అన్నారు. తెలిసినవాడు ఒకడుండేవాడు, పోయాడు. రాజమండ్రిలో వాయిద్యముల దుకాణములో అడుగుతామని చెప్పాము. తోలు దొరకకపోతే ఫైబరుది వేయిస్తారేమో, ఫరవాలేదా అని మొహమాటముగా అడిగాము. ఆయన ఒప్పుకోరనే మా భయము.

"ఫైబరైతే ఇంకా మంచిదండి. వరదకి కుళ్ళదు. కాచే పనుండదు" అన్నారు. మనవడే కొంచెము నొచ్చుకున్నాడు.

చట్రము పట్టుకొని బస్సులో వెళ్ళుట కష్టము గనుక దారముతో చుట్టుకొలత తీసి ముడివేసి ఇచ్చారు. తిరుగు ప్రయాణము రాజోలు, రావులపాలెము మీదుగా. ధవళేశ్వరము దగ్గరకు వచ్చేసరికి చీకటి పడినది. మరునాడు దుకాణములో ఆ దారము చూపిస్తే, ఈ కొలతకు తోలే వేస్తాను గాని మేకతోలు రావాలి, బుధవారము కనపడండి అన్నాడు.